ముప్పై ఆరు మార్కులు

మారతహళ్లి వంతెన పక్కన, నాలుగో అంతస్తులో
ఎవరెవరి చదువులో వచ్చి నా ముందు నిలబడతాయి.
నిజమా కాదా తేల్చడం నా ఉద్యోగం.
రోజుకు నలభై. శుక్రవారమైతే అరవై.

ఎనిమిదేళ్ళుగా కాగితాల మొహాలు చూస్తున్నాను.
అసలు డిగ్రీకి ఒంటిమీద ఏదో ఒక మచ్చ ఉంటుంది.
ట్రంకుపెట్టెలో పడ్డ మడతో,
లామినేషన్ కింద ఇరుక్కుపోయిన చీమో,
ఇంటిపేరులో ఎగిరిపోయిన అక్షరమో,
దాని కోసం తిరిగిన తిరుగుళ్ళకు సాక్ష్యంగా ఒక అఫిడవిట్టో.
అబద్ధం మాత్రం ఇస్త్రీ చేసుకుని వస్తుంది.

మద్దిలేటి ఫైలు అలాగే వచ్చింది, మంగళవారం, భోజనానికి లేవబోతుంటే.
కంబాల మద్దిలేటి. ముప్పై ఒక్కేళ్ళు. డోన్ దగ్గర పల్లె.
హోస్కోటె గోడౌన్లో ఆరేళ్ళు పెట్టెలు ఎత్తి, పెట్టెలు లెక్కపెట్టి
ఇప్పుడు సూపర్వైజరు కుర్చీ అడుగుతున్నాడు.
ఆ కుర్చీకి డిగ్రీ కావాలట.
ఎందుకో ఆ కుర్చీకే తెలియాలి.

మూడేళ్ళ మార్కుల జాబితాలూ పక్కపక్కన పరిచాను.
కంట్రోలర్ సంతకం మూడింటిలోనూ వెంట్రుకవాసి తేడా లేదు.
కలం మారకుండా, చెయ్యి నొప్పెట్టకుండా,
ఒక్కసారైనా విసుక్కోకుండా సంతకం పెట్టే మనిషి ఉంటాడా?
కింద అచ్చేసిన నంబరుకు ఫోన్ చేశాను.
మొదటి రింగుకే ఎత్తారు.
"నమస్కారం మేడమ్, ఎగ్జామినేషన్ బ్రాంచి." ఎంత మర్యాద!
నాకు తెలిసి ఏ యూనివర్సిటీ మొదటి రింగుకు ఎత్తదు.
పదకొండుసార్లు మోగి, ఎవరో ఎత్తి,
"సారు సీట్లో లేడు" అని పెట్టేస్తేనే
అది విశ్వవిద్యాలయం.

సరే, అసలు ఆఫీసుకే రాద్దామని
హాల్ టికెట్ నంబరు టైపు చేస్తున్నాను.
చివరి నాలుగు అంకెలూ
చూడకుండానే కొట్టేశాయి నా వేళ్ళు.

అది నాది.

గబగబా గణితం రెండో పేపరు వెతికాను. ముప్పై ఆరు.
మార్చిలో తప్పి, అక్టోబరులో గట్టెక్కిన ముప్పై ఆరు.
పక్కనే సప్లిమెంటరీ అని చాడీ చెప్పే చిన్న చుక్క.
ఆ ఎండాకాలమంతా మా నాయన నాతో మాట్లాడలేదు.
మద్దిలేటీ, డబ్బులు పెట్టి కొనుక్కునేవాడివి
ఫస్టు క్లాసు అడగొద్దా అబ్బీ?
నా తప్పు కూడా ఎందుకు కొన్నావు?

పన్నెండేళ్ళ కిందట ఒక వానలో
ఈ వంతెన కిందే, జిరాక్సు షాపులో
ఇరవై కాపీలు తీయించాను, మొదటి ఉద్యోగం వేటలో.
ఒకటి నల్లగా వచ్చిందని అక్కడే వదిలేశాను.
అదేనని చెప్పలేను.
కాదనీ చెప్పలేను.

ఇంటర్వ్యూ చేసినతను ఒక మూల రాసుకున్నాడు:
"స్టాకు లెక్క నోటికి చెప్తాడు. ఎక్కడా తప్పడు."
ఆ గడి నా పనిలోకి రాదు.
నా గడిలో ఉన్నవి మూడే రంగులు.

పద్దెనిమిదో రోజున జవాబొచ్చింది:
సదరు నంబరు మరొకరి పేరిట నమోదై ఉన్నది.
'మరొకరి' దగ్గర రెండుసార్లు ఆగాను.
తర్వాత ఎరుపు నొక్కాను.
"యారదు నంబరు?" అన్నారు వెనకనుంచి శివలింగేగౌడ గారు.
ఎవరో ఒకావిడది సార్, రెండోసారి పాసైంది, అన్నాను.

సాయంత్రం పాప స్కూలు అడ్మిషన్ కోసం
బర్త్ సర్టిఫికెట్ కాపీలు తీయిస్తుంటే
మూడోది వంకరగా వచ్చింది.
షాపతను నలిపి బుట్టలో వేయబోయాడు.
అదీ ఇవ్వండి, అన్నాను.
"అదు వేస్టు, మేడమ్."
ఇవ్వండి.
నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను.
చెడిపోయినదానికి అతను డబ్బులు తీసుకోలేదు.